సముద్రం కాగితే తుపాన్లు పెరుగుతయా? లెక్కతోని చెప్పుండ్రి

మూసీ ఒడ్డు: బంగాళాఖాతంల తుపాను పుట్టిందంటే ఈడ పత్తి నల్లబడుతున్నది. సముద్రం వేడెక్కుడే కారణమా?

పాలమూరు లెక్క: బంగాళాఖాతంల తుపాన్ల సంఖ్య పెరగలే. 1977 దివిసీమ, 1999 ఒడిశా, అప్పుడు ఈ వేడి లొల్లి యాడుండె?

దేవరకొండ గాలి: సంఖ్య పట్టుకొని ఎందుకు ఏలాడుతున్నవన్నా? తుపాను పుట్టాలంటే నీళ్లు సుమారు 26.5 డిగ్రీలు దాటాలె, అదీ ఓ 50 మీటర్ల లోతు దాకా. వేడి పైపొరల్నే ఉంటే తుపాను అడుగు చల్లనీళ్లను పైకి చిలికి తన పొయ్యి తనే ఆర్పుకుంటది. వేడి లోతుకు దిగితే పొయ్యి ఆరదు. పైగా గంగ, బ్రహ్మపుత్రల మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద తేలి ఆ చిలుకుడుకు అడ్డం పడతయి. ఒక్క వేడే సాలదు, అది నిజమే. జులై, ఆగస్టులల్ల నీళ్లు వేడిగనే ఉంటయి గని కింది గాలి ఒక దిక్కు, పైగాలి ఇంకో దిక్కు కొట్టి మేఘాన్ని నిలవనియ్యవు. అందుకే పెద్దయి మేల, మళ్ల అక్టోబర్, నవంబర్‌ల. వాతావరణ మార్పు మీద లెక్కలు తీసే ఐక్యరాజ్యసమితి సంఘం ఐపీసీసీ, 2021 నివేదికల గూడ లోకం మొత్తంల బలమైన తుపాన్ల వాటా పెరిగి ఉంటదన్నది, సంఖ్య అనలే.

పాలమూరు లెక్క: అంటే సంఖ్య పెరగలేదని ఒప్పుకున్నట్టే కద.

చందంపేట: తేమ 12 శాతం దాటితే కొనుగోలు కేంద్రంల పత్తి వాపస్. గాలి స్పీడు మాకేం జేస్కోను?

దేవరకొండ గాలి: గదే అంటున్న. నేలెక్కినంక గాలి సస్తది, వాన సావదు. ఒక్క డిగ్రీ పెరిగితే గాలి 7 శాతం దాకా ఎక్కువ ఆవిరి మోస్తది. 2020 అక్టోబర్ 13న కాకినాడ కాడ తీరం దాటింది అసలు తుపాను గూడ కాదు, దానికన్న బలం తక్కువున్న తీవ్ర వాయుగుండం. హైదరాబాద్‌ను ముంచింది. అన్న లెక్కల అది సున్న!

పాలమూరు లెక్క: ముంచింది వానొక్కటేనా? చెరువు నిండితే నీళ్లు పోయే అలుగు కాలువ పూడ్చినోడు, చెరువు శికం భూమిల ప్లాట్లు కొట్టినోడు ఏమాయె? అంతా సముద్రం మీద తోస్తే వాళ్లు దర్జాగ తప్పించుకుంటరు. నా కొట్లాట గది.

మూసీ ఒడ్డు: గీ ముచ్చట మొదలే చెప్పొద్దానే!

దేవరకొండ గాలి: కబ్జా తీసేసినా అలుగు పొడుగు పాత వానలకు కట్టింది. గంటల పడే వాన పెరిగితే అది గూడ పెంచాలె. రెండూ గావాలె.

పాలమూరు లెక్క: ముందు కబ్జా తియ్యనీ.

చందంపేట: మీరు తేల్చుకునేలోపు ఒక్కటి చెప్త. హెచ్చరిక రాంగనే విచ్చిన పత్తి ఏరుండ్రి. తడిసినదాన్ని ఆరినదాంట్ల కలపకుండ్రి, కుప్పల వేడెక్కి మొత్తం పచ్చబడుతది.