నవంబరు 1: యానాంకి విమోచనా, పాలన బదిలీయా?

గౌతమి గట్టు:
గ్రంథాలయం బోర్డు మీద "చరిత్రలో ఈ రోజు" రాసేవాళ్లకి నవంబరు 1 దగ్గర ఏటా తగువే. ఎదుర్లంక వంతెనకి ఇటు ఆంధ్రప్రదేశ్ అవతరణ (1956), అటు యానాం విమోచన (1954). ఆ "విమోచన" అన్న మాట ఈ తేదీ కింద రాయడం సబబేనా? జూన్ 13 అనేవాళ్లున్నారు, ఆగస్టు 16 అనేవాళ్లూ ఉన్నారు.

పాత గెజిట్:
విమోచనంటే జూన్ 13 అండి, వేరే మాట లేదు. 1954లో ఆ ఆదివారం దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో యానాంలో ఫ్రెంచి పాలన కూలింది. నవంబరు 1 వచ్చింది 141 రోజుల తర్వాత. ఊరు అప్పటికే చెయ్యి జారిపోయాక ఎక్కడో పుదుచ్చేరిలో కాగితాలు చేతులు మారిన రోజుని యానాం విమోచన అంటారేంటి?

సార్వా:
కాగితాలే కదాని తీసిపారేయకండి. అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గరి కీళూరు అనే ఊళ్లో 178 మంది ప్రజాప్రతినిధులు ఓటేస్తే 170 మంది విలీనానికి సరేనన్నారు. 21న రెండు ప్రభుత్వాల ఒప్పందం. నవంబరు 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం నాలుగింటి పాలనా భారత్ చేతికొచ్చింది. జూన్ 13 నాటిది ఒకవైపు నుంచి జరిగిన పని, దాని మీద ఫ్రాన్సు సంతకం లేదు. పైగా పుదుచ్చేరి ప్రభుత్వం విమోచన దినం జరిపేది నవంబరు 1నే.

పాత గెజిట్:
ప్రభుత్వం జెండా ఎగరేసిన రోజే లెక్కయితే ఆగస్టు 16న కీళూరులోనూ ఎగరేస్తుంది. దాన్నేం చేద్దాం?

తాళ్లరేవు:
పాలన చేతికి రావడం వేరు, భూమి మీద హక్కు రావడం వేరు. అప్పగింత ఒడంబడిక మీద సంతకాలు 1956 మే 28న. ఫ్రెంచి పార్లమెంటు ఆమోదించేసరికి 1962 అయింది. ఆ ఏడు ఆగస్టు 16న ఆమోద పత్రాలు మార్చుకున్నారు. బోర్డులు తప్పేది ఇక్కడే: "1954లో యానాం భారత భూభాగమైంది" అని రాసేస్తారు. చట్టరీత్యా కాలేదు.

ఇంతకంటే పెద్ద తప్పు ఇంకోటుంది. ఒకే తేదీన రెండు పండగలు చూసి, 1956 నవంబరు 1న యానాంని ఆంధ్రలో ఎందుకు కలపలేదని అడుగుతారు. ఆ రోజుకి అది చట్టం లెక్కన ఫ్రాన్సుదేనండి, మనదని కలుపుకోవడానికి! తర్వాతయినా, అక్కడి జనం అభిప్రాయం తెలుసుకోకుండా ఆ ప్రాంతాల ప్రత్యేక పాలనా హోదా మార్చకూడదని ఒడంబడికలోనే రాసుకున్నారు.

లంక మేట:
ఆయ్, ఇటు గట్టు తేదీ మాత్రం తేలిందా? తెలంగాణ విడిపోయాక మిగిలింది 1953 అక్టోబరు 1 నాటి ఆంధ్ర రాష్ట్రమే. అదే పెట్టుకోవాలి.

సార్వా:
అచ్చంగా అదే కాదండి. 1953లో భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలోది. 1959లో ఖమ్మంలో కలిపారు. 2014లో పోలవరం ముంపు మండలాలు ఇటొచ్చాయి గానీ భద్రాచలం పట్టణం రాలేదు. కోరుకొండ నుంచి గోటి తలంబ్రాలు వెళ్లే గుడి ఇప్పుడు పక్క రాష్ట్రంలో ఉంది. 2014 చట్టం కొత్తగా ఏర్పరచింది తెలంగాణని. ఆంధ్రప్రదేశ్ 1956 నుంచి అదే పేరుతో కొనసాగుతోంది. కాబట్టి అవతరణ నవంబరు 1నే. అక్టోబరు 1 కింద "ఆంధ్ర రాష్ట్రం, రాజధాని కర్నూలు" అని విడిగా రాయండి.

గౌతమి గట్టు:
అయితే నవంబరు 1 కింద ఇలా: "1954 - ఫ్రెంచి స్థావరాల పాలన భారత్‌కు బదిలీ, యానాంతో సహా, పుదుచ్చేరి విమోచన దినం. 1956 - ఆంధ్రప్రదేశ్ అవతరణ." జూన్ 13, ఆగస్టు 16 వాటి వాటి తేదీల కింద.

పాత గెజిట్:
"బదిలీ" దాకా ఒప్పుకుంటాను. "విమోచన దినం" ముందు "ప్రభుత్వం పాటించే" అని చేర్చండి. జూన్ 13 కింద మాత్రం ఆ మాటకి ముందూ వెనకా ఏమీ తగిలించకండి.