షాపు వెబ్‌సైట్‌కి నెలనెలా వ్యాసాలు రాయించడం అవసరమా, దండగా?

బ్రాడీపేట కారంకొట్టు
అందరికీ నమస్కారం. గుంటూరు బ్రాడీపేటలో మాది కారం, పచ్చళ్ల వ్యాపారం. నాన్న పెట్టిన షాపు. వెబ్‌సైట్ ఉంది గానీ దాన్ని చూసేది నేనూ, మా చుట్టాలూనే. మొన్న విజయవాడ నుంచి ఒక ఏజెన్సీ వాళ్లు వచ్చి ప్యాకేజీ చెప్పారు. నెలకి ఇరవై వ్యాసాలు, వంద బ్యాక్‌లింకులు (అంటే వేరే సైట్లలో మన సైటుకి పెట్టే లింకులట), ‘గుంటూరు కారం’ అన్న మాటకి మూడు నెలల్లో గూగుల్ మొదటి పేజీ గ్యారంటీ. నెలకి పద్దెనిమిది వేలు. మా తమ్ముడేమో ఆ డబ్బు రీల్స్‌కి పెడదాం అంటున్నాడు. అసలు వ్యాసం చదివి కారం కొనేవాళ్లు ఉంటారా? తెలిసినవాళ్లు చెప్పండి.

కృష్ణలంక కుర్రోడు
శుద్ధ దండగ అన్నా. కారం కావలసినవాడు మ్యాప్స్‌లో షాపు వెతుక్కుని ఫోన్ కొడతాడు, వ్యాసం ఎవడు చదువుతాడు? గూగుల్‌లో షాపు బిజినెస్ ప్రొఫైల్ సరిగ్గా పెట్టుకో. టైమింగ్స్, ఫొటోలు, వాట్సాప్ నంబరు. కొన్నవాళ్లని రివ్యూ రాయమని అడుగు. పైసా ఖర్చు లేదు. బెంజి సర్కిల్ దగ్గర మా బాబాయి టిఫిన్ సెంటర్‌కి వెబ్‌సైటే లేదు, పొద్దున్నే వెళ్తే నిలబడ్డానికి చోటుండదు.

సెర్చ్ పనే మా పని
టిఫిన్ సెంటర్ లెక్క వేరు తమ్ముడూ. ఇడ్లీ కోసం హైదరాబాద్ నుంచి ఎవరూ వెతకరు. మ్యాప్స్ వరసకి తాము చూసేవి మూడని గూగుల్ వాళ్లే చెప్తారు. అడిగినదానికి షాపు సరిపోతుందా, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరుంది. ఆ దూరం దగ్గరే చిక్కు. కూకట్‌పల్లిలో కూర్చుని ‘పచ్చళ్ల కారం’ అని వెతికేవాడికి కూకట్‌పల్లి షాపులే ముందొస్తాయి, బ్రాడీపేట రాదు. దూరపు గిరాకీ కావాలంటే వెబ్‌సైట్‌లో చదవదగ్గ పేజీ ఉండాల్సిందే. కాబట్టి వ్యాసాలు దండగ అని నేననను. ఆ ప్యాకేజీ మాత్రం దండగే.

గ్యారంటీ సంగతి చూడండి. మొదటి ర్యాంకు ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ తన సహాయ పేజీల్లోనే రాసింది. మార్పులు చేసి ఫలితం చూడాలంటే మామూలుగా నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని కూడా వాళ్లే చెప్పారు. పైగా వీళ్లు ఎంచుకున్న మాట చూశారా? 2024 సంక్రాంతికి అదే పేరుతో మహేష్‌బాబు సినిమా వచ్చింది. ఆ మాట కొట్టేవాళ్లలో చాలామందికి పాటలు కావాలి, ఓటీటీ కావాలి. రేపు మీరు నిజంగా మొదటి పేజీలోకి ఎక్కినా, వచ్చినవాడు కారం ప్యాకెట్ చూసి వెనక్కి పోతాడు.

ఇక నెలకి ఇరవై వ్యాసాలు. ఇది పాతకాలపు ఆట. అప్పట్లో ఒకే వ్యాసాన్ని నాలుగు మాటలు మార్చి పదిచోట్ల వేసేవాళ్లు, కింద మన సైటు లింకు తగిలించేవాళ్లు. పనిచేసింది కూడా. 2011 ఫిబ్రవరిలో గూగుల్ ర్యాంకులిచ్చే పద్ధతికి పాండా అనే అప్‌డేట్ వచ్చి సరుకు లేని పేజీలని కిందకి నెట్టింది. 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ వచ్చి కొన్న లింకుల పని పట్టింది. 2024 మార్చిలో రూల్ ఇంకా బిగించారు. ర్యాంకు కోసం కుప్పలుగా పేజీలు తయారుచేస్తే అది స్పామే, మనిషి రాసినా మెషీన్ రాసినా. ఆ వంద బ్యాక్‌లింకులు ఎక్కడి నుంచి తెస్తారో అడిగి చూడండి. డబ్బులిచ్చి ర్యాంకు కోసం లింకు పెట్టించడం కూడా రూల్స్‌కి విరుద్ధమే.

బ్రాడీపేట కారంకొట్టు
ఊరికో పేజీ కూడా పెడతామన్నారండీ. ‘తెనాలిలో కారం’, ‘నరసరావుపేటలో కారం’, ‘చిలకలూరిపేటలో కారం’... మాకు ఆ ఊళ్లలో బ్రాంచీలు లేవు.

సెర్చ్ పనే మా పని
ఊరి పేరు మార్చి అదే పేజీని అచ్చుగుద్దడం. వీటిమీద గూగుల్ 2015లోనే కన్నేసింది. వద్దని చెప్పండి.

వస్త్రలత లోపలి వరస
సెర్చ్ గారు చెప్పేవి వినడానికి బాగుంటాయి. నేను డబ్బు పెట్టి చూసినవాణ్ణి, నా మాట కూడా వినండి. మాది విజయవాడ వస్త్రలతలో హోల్‌సేల్, మంగళగిరి చీరలు, డ్రెస్ మెటీరియల్. మాకు రాసిపెట్టినవాళ్లు కాపీ కొట్టే రకం కాదు, మంచి వ్యాసాలే రాశారు. విజిటర్లు పెరిగారు. మంగళగిరి చీర ఉతకడం గురించి రాసిన పేజీకైతే రోజూ జనమే. ఆర్డర్లు? ఒక్కటీ రాలేదు. మా వ్యాపారం ఫోన్ మీద నడుస్తుంది. ఖమ్మం, ఒంగోలు పాత పార్టీలు వాట్సాప్‌లో ఫొటో చూసి సరుకు వేసేయమంటారు. కొత్తవాళ్లు రైలు దిగి, బట్ట చేత్తో పట్టుకుని చూస్తే గానీ కొనరు. నెలాఖరుకి గ్రాఫ్ చూపించి ‘చూశారా సార్, ఎలా పెరిగిందో’ అంటారు. గ్రాఫ్‌తో జీతాలిస్తామా?

సెర్చ్ పనే మా పని
ఉతకడం గురించి రాస్తే ఉతుక్కునేవాళ్లే వస్తారు సార్. వాళ్ల దగ్గర చీర ఆల్రెడీ ఉంది. మీ దగ్గర కొనేది రిటైల్ షాపువాడు. వాడి అనుమానాలు వేరు. తక్కువలో తక్కువ ఎన్ని పీసులు తీసుకోవాలి, డ్యామేజీ వస్తే వాపసు ఉందా, నిజాం అంచు మగ్గం మీద నేసిందా పవర్‌లూమా ఎలా పోల్చుకోవాలి, ఏ ట్రాన్స్‌పోర్టులో వేస్తారు. ఇవి రాసిన హోల్‌సేల్ సైటు మన దగ్గర నాకైతే కనబడలేదు.

వస్త్రలత లోపలి వరస
ఎందుకు కనబడలేదో చెప్పనా? అవి రాస్తే ఎదురు షాపువాడు చదువుతాడు. రేటు రాస్తే రేపు పొద్దున రూపాయి తగ్గించి నా పార్టీకే ఫోన్ చేస్తాడు. రేటు లేకుండా రాస్తే చదివినవాడు ‘రేటెంత’ అని ఫోనే చేస్తాడు. ఆ ఫోన్ కోసం వ్యాసమెందుకు?

సెర్చ్ పనే మా పని
హోల్‌సేల్ రేటు విషయం ఒప్పుకుంటాను. దానికి నా దగ్గర మందు లేదు. కానీ కారం షాపు రిటైల్. ఎమ్మార్పీ ఎలాగూ ప్యాకెట్ మీదే ఉంటుంది.

బ్రాడీపేట గారూ, షాపుకి ఫోన్ చేసేవాళ్లు ఏమడుగుతారు?

బ్రాడీపేట కారంకొట్టు
‘ఆవకాయకి ఏ కారం పంపిస్తారు’ అన్నది నంబర్ వన్. తర్వాత ‘ఇంత ఎర్రగా ఉంది, రంగు కలిపారా’. ఆ తర్వాత వారానికే ఇంకొకరు ‘పోయినసారంత ఎర్రగా లేదేంటి’ అని. రెండూ కాయని బట్టే. తేజ సన్నటి కాయ, ఘాటు చంపేస్తుంది. బాడిగ ముడతలు పడి ఉంటుంది, రంగు బ్రహ్మాండంగా వస్తుంది, ఘాటు తక్కువ. 334 మధ్యరకం. పచ్చళ్లకైతే ఘాటుకో కాయ, రంగుకో కాయ కలిపి, తొడిమలు తీయించి పట్టిస్తాం. ఫిబ్రవరి నుంచి మిర్చి యార్డుకి కొత్త కాయ దిగుతుంది. వానాకాలంలో మేం పట్టించేది ఏసీ కాయ, అంటే కోల్డ్ స్టోరేజీలో పెట్టింది. బయట బస్తాల్లో ఉన్న కాయకి ఆ టైముకి రంగు దిగిపోతుంది. కారం కూడా అంతే. వెలుతురు తగిలే అలమరలో గాజుసీసాలో పోసి ‘రంగు పోయింది’ అంటే నేనేం చేసేది? ఫోన్లో ఇదే చెప్పి చెప్పి నోరు పోతోంది.

ఇదేదీ సైటులో లేదు. ఏజెన్సీ వాళ్లు శాంపిల్‌గా పంపిన వ్యాసం ఇలా మొదలవుతుంది: ‘భారతీయ వంటకాలలో కారం పొడి ఒక ముఖ్యమైన పాత్ర పోషిస్తుంది. ఇది ఆహారానికి రుచిని జోడిస్తుంది.’

డల్లాస్ తెనాలమ్మాయి
😂 కారం వేస్తే రుచొస్తుందని డల్లాస్‌లో మాకు తెలీదు పాపం.

కొనేవాళ్ల వైపు నుంచి ఒక మాట. మా దగ్గర పచ్చళ్ల షాపు పేరు మొదట తెలిసేది గూగుల్‌లో కాదు, ఫ్యామిలీ గ్రూపులో. ఎవరో ‘ఫలానా వాళ్లది బాగుంది’ అంటారు. అప్పుడు సైటు తెరుస్తాను. వ్యాపారం ఇంకా నడుస్తోందా, పార్సెల్ ఎన్నాళ్లకి వస్తుంది, నూనె కారకుండా ఎలా ప్యాక్ చేస్తారు, కారం ఎప్పుడు పట్టించారు, ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత లైసెన్సు) నంబరు ఉందా. ఇవి చూస్తాను. ఇప్పుడు పైన అన్నయ్యగారు కాయల గురించి రాసినట్టుంటే వెంటనే డబ్బులు కట్టేస్తాను. శాంపిల్ వ్యాసం లాంటిది కనిపిస్తే ట్యాబ్ మూసేస్తాను, మోసమేమో అని కూడా అనిపిస్తుంది.

కృష్ణలంక కుర్రోడు
చూశారా, అక్క కూడా వాట్సాప్ అనే అంది. గూగుల్ వల్ల వచ్చిన కస్టమర్ ఏరీ?

సెర్చ్ పనే మా పని
గ్రూపులో పేరు విన్నవాళ్లు షాపు పేరే గూగుల్‌లో కొడతారు కదా. సెర్చ్ కన్సోల్ అని గూగుల్‌దే ఉచిత టూల్ ఉంది. ఏ మాటలు కొట్టి జనం మీ సైటు దాకా వచ్చారో అందులో కనబడుతుంది. రూపాయి ఖర్చు పెట్టకముందు అది తెరిచి చూడమనే నేను ఎవరికైనా చెప్పేది. విచిత్రమేంటంటే ఏజెన్సీలు చాలావరకు దాని లాగిన్ ఓనర్‌కి ఇవ్వరు.

పల్నాడు మాస్టారు
నాదొక సందేహం. 2024 ఆగస్టు నుంచి మన దేశంలో కూడా గూగుల్ చాలా ప్రశ్నలకి పైనే ఏఐతో జవాబు చెప్పేస్తోంది. ‘ఆవకాయకి ఏ కారం వాడాలి’ అంటే అక్కడే చదువుకుని పోతారు. ఈయన కష్టపడి రాసింది గూగుల్ వండి వడ్డిస్తుంది, సైటుకి రారు. ఇంకా ఈ పోరాటం దేనికి?

రెండోది, రాసేదేదో తెలుగులో రాయండి. నెట్‌లో తెలుగంటే అనువాదం మెషీన్‌లో పడేసిన ఇంగ్లీషే అయిపోయింది.

సెర్చ్ పనే మా పని
మొదటిదానికి మీరన్నది చాలావరకు నిజమే మాస్టారూ. ఎక్కడైనా దొరికే సమాచారంతో నింపిన పేజీలకి క్లిక్కులు పడిపోయాయి, నా క్లయింట్ల దగ్గరే చూస్తున్నాను. కానీ కొనడానికి సైటుకి రాక తప్పదు. ఏఐ జవాబు పార్సెల్ కట్టదు.

తెలుగు విషయంలో మాత్రం మీతో పూర్తిగా ఏకీభవించలేను. మనవాళ్లు తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. అమెరికాలో పెరిగిన పిల్లలు తెలుగు చదవలేరు, కార్డు నొక్కేది వాళ్లే. అలాగని తెలుగు వద్దనను, తెలుగులో పోటీ తక్కువ. రెండు భాషలకీ వేర్వేరు పేజీలు పెట్టండి. ఒకే పేజీలో సగం అది, సగం ఇది వద్దు.

పల్నాడు మాస్టారు
కార్డు నొక్కేది పిల్లలే కావచ్చు, ఏ పచ్చడి తెప్పించాలో చెప్పేది ఇక్కడి అమ్మమ్మ. ఆవిడ ఫోన్లో తెలుగే చదువుతుంది.

డల్లాస్ తెనాలమ్మాయి
మా ఇంట్లో అయితే మాస్టారి మాటే కరెక్ట్. 🙏

బ్రాడీపేట కారంకొట్టు
అందరికీ థాంక్స్. ఏజెన్సీకి వద్దని చెప్పాను. అరగంటలో ఫోన్ చేసి పది వ్యాసాలు, పన్నెండు వేలకి దిగారు. దానికీ వద్దన్నాను. ఫోన్లో అడిగే ప్రశ్నలకి మేమే పేజీలు రాస్తాం. నాన్న చెప్తారు, నేను వాయిస్ టైపింగ్ పెట్టి సరిచేస్తాను. తమ్ముడికి రీల్స్‌కి కొంత ఇస్తున్నా, లేకపోతే ఇంట్లో గొడవ. ఆవకాయ ఆర్డర్లు ఏప్రిల్‌లో మొదలవుతాయి. ఆ పేజీ మార్చిలో పెడితే సరిపోతుందా?

సెర్చ్ పనే మా పని
సరిపోదు. ఇప్పుడే పెట్టండి. కొత్త కాయ దిగాక ఫొటోలు మార్చుకోవచ్చు. వచ్చే ఏడాది కూడా అదే పేజీని తాజా చేయండి, కొత్తది రాయకండి.

వస్త్రలత లోపలి వరస
సీజన్ అయ్యాక ఇక్కడే రాయండి. విజిటర్ల లెక్క నాకొద్దు, సైటు చూసి ఎన్ని పార్సెళ్లు కట్టారో అది రాయండి. నేను మాత్రం నా డబ్బు పెట్టను.

కృష్ణలంక కుర్రోడు
అన్నా, ఇంతసేపూ వ్యాసాల గురించి కొట్టుకున్నాం గానీ, మ్యాప్స్‌లో మీ షాపు ఇప్పుడే చూశా. ఆదివారం కూడా తెరిచి ఉంటుందని ఉంది. ఉంటుందా?

బ్రాడీపేట కారంకొట్టు
ఉండదు. ఆ లాగిన్ ఎవరి దగ్గరుందో తమ్ముణ్ణి అడగాలి.