స్టేపిడాటమీ తర్వాత గ్యాప్ ఒకేలా మూసుకున్నా ఇద్దరి వినికిడి వేరుగా ఎందుకుంది?

ప్రశ్న:
ఓటోస్క్లెరోసిస్‌కి (మధ్య చెవిలోని స్టేపిస్ ఎముక బిగుసుకుపోయే జబ్బు) స్టేపిడాటమీ (ఆ ఎముకకి రంధ్రం చేసి పిస్టన్ పెట్టే ఆపరేషన్) అయిన ఇద్దరి ఆడియోగ్రాములు (వినికిడి పరీక్ష గ్రాఫులు) పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నాను. ఆపరేషన్‌కు ముందు ఒకరికి ఎయిర్ కండక్షన్ (గాలి ద్వారా వచ్చే శబ్దం వినిపించే స్థాయి) 60 డెసిబెల్స్, బోన్ కండక్షన్ (పుర్రె ఎముక ద్వారా లోపలి చెవికి చేరే శబ్దం వినిపించే స్థాయి) 25. అంకె పెరిగేకొద్దీ వినికిడి తక్కువ. రెండో వారికి ఎయిర్ 85, బోన్ 50. అంటే ఇద్దరికీ గ్యాప్ (ఈ రెండిటి తేడా) 35. తర్వాత ఇద్దరికీ అది 5కి దిగింది. మొదటి వారు వినికిడి మెషిన్ తీసేశారు, రెండో వారికి ఇంకా కావాలట. రెండోది ఫెయిలైనట్టేనా? ఇంకొకటి, మొదటి వారికి 2000 హెర్ట్జ్ దగ్గర బోన్ 35 నుంచి 20కి వచ్చింది. లోపలి చెవి బాగుపడిందా?

జవాబు 1:
ఫెయిల్ కాలేదండీ, రెండూ మంచి ఆపరేషన్లే. బిగుసుకుపోయిన స్టేపిస్ ఫుట్‌ప్లేట్‌కి (దాని అడుగు పలకకి) 0.6 నుంచి 0.8 మి.మీ. రంధ్రం చేసి, ఇన్‌కస్‌కి (పక్కనున్న ఎముకకి) తగిలించిన పిస్టన్‌ని అందులో దించుతారు. (స్టేపిస్‌ని బడి పుస్తకాల్లో అంకవన్నె అనేవారు.) శబ్దాన్ని లోపలి ద్రవం దాకా చేర్చడంతో పిస్టన్ పని అయిపోతుంది, ఆపైనంతా కాక్లియాదే (లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే భాగం). అందుకే లెక్క సుమారుగా ఇలా ఉంటుంది: మొదటి వారికి 25కి 5 కలిపి 30, రెండో వారికి 50కి 5 కలిపి 55. 85 దగ్గర పెద్ద పవర్ మెషిన్ కావాలి, అది కీచుమనే అవకాశం ఎక్కువ. 55కి మామూలు మెషిన్ హాయిగా సరిపోతుంది. లాభమంతా అక్కడే ఉంది, దాన్ని తక్కువ చేయొద్దు.

2000 దగ్గర కనిపించిన గుంట కార్హార్ట్ నాచ్. బోన్ కండక్షన్‌లో మధ్య చెవి ఎముకల కదలిక కూడా కొంత సాయం చేస్తుంది. స్టేపిస్ బిగిస్తే ఆ సాయం పోయి బోన్ గీత సుమారుగా 500 దగ్గర 5, 1000 దగ్గర 10, 2000 దగ్గర 15, 4000 దగ్గర 5 కిందికి జారుతుంది. పిస్టన్ పెట్టగానే తిరిగొస్తుంది. కాక్లియా మొదటి నుంచీ 20లోనే ఉంది, మారింది కొలత మాత్రమే. అందుకే ఆపరేషన్ తర్వాతి ఎయిర్‌ని ఆపరేషన్ తర్వాతి బోన్‌తోనే పోల్చాలి. పాత బోన్‌తో పోలిస్తే ఫలితం ఉన్నదానికంటే గొప్పగా కనిపిస్తుంది.

జవాబు 2:
రెండో వారి బోన్ 50 నిజంగా 50యేనా అన్నది ముందు చూడండి. బోన్ శబ్దం పుర్రె గుండా రెండు కాక్లియాలకూ చేరుతుంది, రెండో చెవికి మాస్కింగ్ (హోరు శబ్దం వినిపించి దాన్ని కప్పేయడం) లేకపోతే ఆ అంకె ఏ చెవిదో తెలియదు. రెండు చెవుల్లోనూ గ్యాప్ పెద్దదైతే మాస్కింగ్ శబ్దమే ఇటు దాటొచ్చేస్తుంది, అలాంటప్పుడు ఇన్సర్ట్ ఇయర్‌ఫోన్లు (చెవి రంధ్రంలోకి దూర్చేవి) వాడాలి. బోన్ కొలిచే వైబ్రేటర్ సుమారు 70 దాటి ఇవ్వలేదు కాబట్టి ‘స్పందన లేదు’ అని రాసినంత మాత్రాన కాక్లియా చచ్చిపోయినట్టు కాదు. స్పీచ్ స్కోరు (మాటల్ని ఎంత సరిగ్గా గుర్తించారన్నది) కూడా అడగండి. శబ్దం పెంచినా మాటలు విడివిడిగా అర్థం కాకపోతే, గ్యాప్ మూసినా సంభాషణ తేలిక పడదు. అలాంటివారికి కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి నరానికి నేరుగా సంకేతాలిచ్చే పరికరం) గురించి కూడా చర్చిస్తారు.

ప్రశ్న అడిగినవారు:
మాస్కింగ్ చేశారు, రిపోర్టులో ఉంది. ఆపరేషన్‌లో కాక్లియాకే దెబ్బ తగిలితే ఎలా తెలుస్తుంది?

జవాబు 3:
ఎక్కువగా 4000 హెర్ట్జ్ దగ్గర బోన్ పడిపోతుంది. డ్రిల్ అదురు, రంధ్రం దగ్గర సక్షన్ పెరిలింఫ్‌ని (లోపలి చెవి ద్రవాన్ని) లాగేయడం, ఇలాంటివి కారణాలు. ఆ చెవి పూర్తిగా పోయే ప్రమాదం నూటికి ఒకటి దాకా చెబుతారు. మొదటి రోజుల్లో ప్యాకింగ్, రక్తం ఉంటాయి కాబట్టి ఎయిర్ గీతని నమ్మలేం, అసలు ఆడియోగ్రాం 6 వారాలకి తీస్తారు. ఈలోగా 512 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌ని నుదుటి మీద పెడితే శబ్దం ఆపరేషన్ చేసిన చెవిలో వినిపించాలి. అటు కాకుండా బాగున్న చెవిలోకి పోతే వెంటనే బోన్ కొలవాలి. అయితే రెండో చెవిలోనూ ఓటోస్క్లెరోసిస్ ఉంటే ఈ పరీక్ష మోసం చేస్తుంది. మొదట బాగా వినిపించి, రెండో వారంలో కళ్లు తిరుగుతూ వినికిడి తగ్గితే గ్రాన్యులోమా (పిస్టన్ దగ్గర వాపుతో పెరిగే కండ) అయ్యుండొచ్చు. అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగకుండా ఆ రోజే సర్జన్‌కి చూపించాలి.