హెపటైటిస్ సి వైరస్ కాపీలు చేసుకునేది ఎక్కడ? న్యూక్లియస్‌లోనా?

వైవాభయం: ఎల్లుండి వైవా. ఇది పాజిటివ్ ఆర్‌ఎన్‌ఏ, అంటే ప్రోటీన్ కోసం నేరుగా చదవగలిగే పోగు కదా, మరి దానికి జోడీ అయిన నెగటివ్ పోగు ఎప్పుడొస్తుంది? లివర్‌లో ఉండే మైక్రోఆర్‌ఎన్‌ఏ-122 అనే బుల్లి ఆర్‌ఎన్‌ఏ దీనికి ఎందుకు సాయం చేస్తుంది?

మాత్రలమనిషి: వైవా సంగతి నాకు తెలీదు. 12 వారాలు సోఫోస్బువిర్, డక్లటాస్విర్ మింగి బయటపడ్డానని సంబరపడ్డా. మొన్న యాంటీబాడీ టెస్ట్ మళ్లీ పాజిటివ్ అన్నారు. న్యూక్లియస్‌లో దాక్కుందేమోనని ఒకటే టెన్షన్.

రెండోమాట: దాక్కునే ఉంటుంది. హెపటైటిస్ బి కూడా అంతేగా.

పిపెట్‌వీరుడు: తెలీకపోతే ఊరుకోండి, ఆయన్ని భయపెట్టకండి! బి డీఎన్‌ఏ వైరస్, న్యూక్లియస్‌లో తిష్ట వేస్తుంది. సి ఆ గడపే తొక్కదు. నేను పదేళ్లు రెప్లికాన్లతో, అంటే ల్యాబ్ కణాల్లో తమంతట తామే కాపీ అయ్యే ఈ వైరస్ ఆర్‌ఎన్‌ఏలతో కుస్తీ పట్టినవాణ్ణి. ముందు రైబోజోమ్ దాని ఆర్‌ఎన్‌ఏ చదివి సుమారు 3,000 అమైనో ఆమ్లాల ఒకే గొలుసు అల్లుతుంది, అది 10 ప్రోటీన్లుగా తెగుతుంది, వాటిలో ఎన్‌ఎస్5బి అనే పాలిమరేజ్, అంటే ఆర్‌ఎన్‌ఏని కాపీ చేసే ఎంజైము, తయారయ్యాకే నెగటివ్ పోగు, దాని మీంచి బోలెడు పాజిటివ్‌లు. ఇదంతా సైటోప్లాజంలోనే, ఈఆర్ (ఎండోప్లాస్మిక్ రెటిక్యులం) పొరల్ని మెలిపెట్టి చేసుకున్న రెండు పొరల బుడగల్లో. మీ సోఫోస్బువిర్ ఆ ఎన్‌ఎస్5బికి అసలు న్యూక్లియోటైడ్‌లాగే కనిపిస్తుంది, అతికించుకుందా, పోగు అక్కడితో ఆగిపోతుంది.

కత్తెర: "తెగుతుంది" అంటే సరిపోదు, ఎవరు కోస్తారో వైవాలో అడుగుతారు. మొదటి భాగాన్ని కోసేవి మన ఎంజైములే, ఆ తర్వాత వైరస్ ప్రోటీన్లే: ఎన్‌ఎస్2 తన కొసని తానే, మిగతాదంతా ఎన్‌ఎస్3-4ఎ. ఇంకో మాట, పదేళ్లు రెప్లికాన్లంటున్నారు, వాటి నుంచి అసలు వైరస్ బయటికే రాదుగా? 2005లో జేఎఫ్‌హెచ్-1 అనే వైరస్ రకం వచ్చాకే కదా మొత్తం చక్రం ల్యాబ్ కణాల కల్చర్‌లో చూసింది.

పిపెట్‌వీరుడు: కాపీ గురించి అడిగితే బయటికి రావడం గురించి లెక్చరా? 1999లో రెప్లికాన్ లేకపోతే ఈ మందుల్ని దేనిమీద పరీక్షించేవాళ్లు?

కత్తెర: కోపమెందుకండీ, వీరుడని మీరే పెట్టుకున్నారు పేరు.

మాత్రలమనిషి: మీ కొట్లాట తర్వాత. నా సంగతి?

కత్తెర: తగ్గాక కూడా యాంటీబాడీ ఏళ్లతరబడి పాజిటివ్‌గానే ఉంటుంది. చూడాల్సింది ఆర్‌ఎన్‌ఏ పీసీఆర్, అంటే రక్తంలో వైరస్సే ఉందో లేదో చూసే టెస్ట్. అయితే మళ్లీ సోకొచ్చు, జాగ్రత్త.

రెండోమాట: మరి వ్యాక్సిన్ ఎందుకు లేదట?

పిపెట్‌వీరుడు: ఎన్‌ఎస్5బి తప్పులు దిద్దుకోదు, రూపాలు మారిపోతూనే ఉంటాయి. అదొక కారణం.

వైవాభయం: నా 122 సంగతి?

కత్తెర: వైరస్ ఆర్‌ఎన్‌ఏ 5 ప్రైమ్ కొసన, అంటే మొదటి కొసన, రెండు చోట్ల అతుక్కుని, ఎంజైములు కొరక్కుండా కాస్తుంది.

మాత్రలమనిషి: పీసీఆర్ కాగితం బీరువాలో దొరికింది. మందులు ఆపిన 12 వారాలకి చేసింది. "కనబడలేదు" అని ఉంది.