పర్లాకిమిడి కోర్టు నుంచి ఒంటారియో బార్ దాకా: కొత్తగా వచ్చిన చెల్లెలికి

బ్రాంప్టన్ నుంచి ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. బరంపురంలో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చదివి, ఊళ్లోనే ఒక సీనియర్ గారి దగ్గర నాలుగేళ్లు ప్రాక్టీసు చేశాను. పెళ్లయ్యాక ఈ మధ్యే కెనడా వచ్చాను. శాశ్వత నివాసం కూడా మంజూరైంది. ఇక్కడ లాయరుగా పనిచేయాలంటే లా మళ్లీ మొదటి నుంచి చదవాలని ఒకరన్నారు. మాస్టర్స్ చేయకపోతే ఎవరూ లోపలికి రానివ్వరని ఇంకొకరు చెప్పారు. పౌరసత్వం వచ్చేదాకా ఆ ఆలోచనే పెట్టుకోవద్దని మా బంధువుల్లో పెద్దాయన సలహా ఇచ్చారు. నల్లకోటు పెట్టెలో అడుగున పెట్టి తెచ్చుకున్నాను. రోజూ దాన్ని చూస్తే బెంగగా ఉంది. మన గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల వాళ్లలో ఈ దారిన నడిచినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

మిస్సిసాగా నుంచి జవాబు

చెల్లీ, మాది గుణుపురం. నేను ఇదే దారిన వచ్చాను. నీకు చెప్పిన ముగ్గురూ నీ మేలు కోరేవారే అయి ఉంటారు, కానీ ముగ్గురి మాటా సరికాదు.

పౌరసత్వం సంగతి ముందు తేల్చేస్తాను. అలాంటి నియమం ఇక్కడ ఒకప్పుడు ఉండేది. ఆక్స్‌ఫర్డ్‌లో లా చదివిన మార్క్ ఆండ్రూస్ అనే బ్రిటిష్ పౌరుడు నీలాగే శాశ్వత నివాసిగా బ్రిటిష్ కొలంబియాకు వచ్చాడు. అన్ని అర్హతలూ ఉన్నా, కెనడా పౌరుడు కాడన్న ఒక్క కారణంతో బార్‌లో, అంటే లాయర్ల జాబితాలో, చేర్చుకోలేదు. ఆయన కోర్టుకెక్కాడు. ఆ నియమం సమానత్వ హక్కుకు విరుద్ధమని 1989లో కెనడా సుప్రీంకోర్టు కొట్టేసింది. రేపు నువ్వు రాజ్యాంగ చట్టం చదివేటప్పుడు ఈ తీర్పు నీ పాఠంలోనే వస్తుంది. నేను దాన్ని చదివిన రాత్రి పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. మనలాంటి వాళ్ల కోసం ఎవరో ముందే పోరాడి తలుపు తీసి ఉంచారన్న సంగతి అప్పటిదాకా నాకు తెలియదు.

ఇక చదువు. లాయర్లకు లైసెన్సులిచ్చే కెనడా లా సొసైటీల సమాఖ్య కింద నేషనల్ కమిటీ ఆన్ అక్రెడిటేషన్ అనే సంస్థ ఉంది. అందరూ ఎన్‌సీఏ అంటారు. విదేశాల్లో లా చదివినవారి డిగ్రీని వారే పరిశీలించి, ఇంకా ఏయే సబ్జెక్టులు పూర్తి చేయాలో రాసి పంపుతారు. కెనడా పరిపాలనా చట్టం, రాజ్యాంగ చట్టం, క్రిమినల్ చట్టం, కెనడా న్యాయవ్యవస్థ పునాదులు, వృత్తి ధర్మం అనే ఐదు సబ్జెక్టులు ఎవరికీ తప్పవు. ఫైలును బట్టి ఒప్పందాలు, టార్టులు (నష్టపరిహారానికి దారితీసే పౌర తప్పిదాలు), ఆస్తి చట్టం, కంపెనీ చట్టం లాంటివి అదనంగా రావచ్చు. 2022 నుంచి న్యాయ పరిశోధన, రచన కూడా తప్పనిసరి చేశారు. ఇవి ఇంట్లో చదువుకుని పరీక్షలు రాయవచ్చు, లేదా ఇక్కడి లా స్కూల్లో ఆ సబ్జెక్టులు పూర్తి చేయవచ్చు. మాస్టర్స్ మాట పుట్టింది ఈ రెండో దారి వల్లనే. తరగతిలో కూర్చుంటే తప్ప చదువు సాగని వారికి, ఇక్కడ పరిచయాలు కావాలనుకునేవారికి అది మంచిదే. అయితే అది తప్పనిసరి అని చెప్పి నీ చేత వేల డాలర్ల ఫీజు కట్టించే వాళ్లను నమ్మకు. ఎన్‌సీఏ నివేదిక చేతికి వచ్చేదాకా ఏ కోర్సులోనూ చేరకు.

అన్నీ పూర్తయ్యాక ఇచ్చే అర్హతా పత్రం ఒక్క ఒంటారియోలోనే గాక కామన్ లా, అంటే పాత తీర్పుల ఆధారంగా నడిచే ఇంగ్లీషు న్యాయపద్ధతి, ఉన్న ఏ ప్రావిన్సులోనైనా పనికొస్తుంది. క్యూబెక్‌కు సొంత సివిల్ కోడ్ ఉంది కాబట్టి అక్కడి దారి వేరు.

ఇప్పుడు అసలు కష్టమైన భాగానికి వస్తాను. నాకు పరీక్షల కన్నా పత్రాలే ఎక్కువ ఏడుపు తెప్పించాయి. మన జిల్లాల తెలుగువాళ్లకు ఈ బాధ రెండింతలు. ఇంట్లో మనకు ఇంటిపేరు ముందు, పేరు తరువాత. బడిలో చేర్చే రోజున ఒడియా పద్ధతిలో దాన్ని తిరగేసి రాస్తారు. కొందరికి ఇంటిపేరు ఎగిరిపోయి తండ్రి పేరు చివరి ‘రావు’ ఇంటిపేరైపోతుంది. దానికి తోడు ఒడియాలో ‘వ’ పలకవలసిన చోట ‘బ’ వస్తుంది. పాస్‌పోర్టులో వెంకట అని ఉన్నవారు మెట్రిక్ సర్టిఫికెట్‌లో బెంకట అవుతారు. నా నాలుగు పత్రాల్లో మూడు రకాల పేర్లు ఉన్నాయి. పెళ్లి తరువాత పాస్‌పోర్టులో నాలుగోది చేరింది. ఆ పేర్లున్న మనిషీ నేనూ ఒకరమేనని రుజువు చేయడానికి నాకు ఏడాది పట్టింది.

అందుకని పుస్తకం తెరవకముందే ఈ పని చెయ్యి. మెట్రిక్, ఇంటర్, డిగ్రీ, ఎల్‌ఎల్‌బీ, సనదు (అడ్వకేటుగా నమోదైన పత్రం), పాస్‌పోర్టు, పెళ్లి సర్టిఫికెట్ అన్నీ బల్ల మీద పరచి, ఏ పత్రంలో ఏ అక్షరాలున్నాయో ఒక కాగితం మీద రాసుకో. తేడాలుంటే ఈ పేర్లన్నీ ఒకే మనిషివని అఫిడవిట్ చేయించు. మార్కుల మెమోల జిరాక్సులు ఇక్కడ చెల్లవు. యూనివర్సిటీ వారే అధికారికంగా ట్రాన్స్‌క్రిప్ట్‌ను ఎన్‌సీఏకు నేరుగా పంపాలి. సనదు తీసుకున్నదానివి కాబట్టి కటక్‌లోని రాష్ట్ర బార్ కౌన్సిల్ నుంచి గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్, అంటే నీ నమోదు సక్రమంగా ఉందనే పత్రం, కూడా కావాలి. నా కాగితం ఒక కార్యాలయంలో ఐదు నెలలు కదలలేదు. మా నాన్నగారు తెల్లవారుజామున బస్సెక్కి వెళ్లి, కిటికీ దగ్గర నిలబడి, సాయంత్రం ఉత్తచేతులతో తిరిగి వచ్చేవారు. ఎన్ని సార్లు వెళ్లారో నాకు ఎన్నడూ చెప్పలేదు. మీ ఇంట్లో అలా తిరగగలిగిన వారెవరో ఇప్పుడే మాట్లాడుకుని, వారి పేరున అధికార పత్రం రాసి పంపు.

చదువు విషయంలో నీకు ధైర్యం చెప్పగలను. 1867 నాటి రాజ్యాంగ చట్టంలో కేంద్రానికీ ప్రావిన్సులకూ అధికారాలు పంచే 91, 92 సెక్షన్లు చదివితే, మన రాజ్యాంగంలో కేంద్ర, రాష్ట్రాల జాబితాలున్న ఏడో షెడ్యూలు గుర్తొస్తుంది. ఏ జాబితాలోనూ లేని అధికారం ఇక్కడా అక్కడా కేంద్రానిదే. మన క్రిమినల్ చట్టం ఉమ్మడి జాబితాలో ఉంటే ఇక్కడ పూర్తిగా కేంద్రం చేతిలో ఉంది. ఇలాంటి తేడాలు ఒక నోటుబుక్కులో రాసుకుంటూ పో. మూలవాసుల హక్కుల అధ్యాయం వచ్చినప్పుడైతే నీ తోటి విద్యార్థులకన్నా నీకే బాగా అర్థమవుతుంది. గజపతి జిల్లాలో ప్రాక్టీసు చేశావు. ఆదివాసీ భూమి ఆదివాసేతరుల చేతికి పోకుండా ఆపే 1956 నాటి రెండో రెగ్యులేషన్ గురించి నీకు ఎవరూ చెప్పనక్కరలేదు. మా రాయగడ వైపు నియమగిరి కేసులో తవ్వకాల సంగతి గ్రామసభల ముందు పెట్టాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది, పన్నెండు గ్రామసభలూ వద్దన్నాయి. ఇక్కడ 2004లో హైడా నేషన్ కేసులో, మూలవాసుల హక్కులకు దెబ్బ తగిలే పని చేసే ముందు ప్రభుత్వం వారిని సంప్రదించి తీరాలని కెనడా సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు చదువుతుంటే నా కళ్ల ముందు నియమగిరి ఆదివాసులైన డోంగ్రియా కోందుల కొండే మెదిలింది. ఆ పరీక్షలో నేను బాగా రాయడానికి కారణం అదే.

జవాబు రాసే తీరు మాత్రం మార్చుకోవాలి. మనం సెక్షన్ కంఠతా పట్టి పేజీలు నింపేవాళ్లం. ఇక్కడ ఒక కథలాంటి సంఘటన ఇచ్చి, ఇందులో వివాదం ఏమిటి, వర్తించే సూత్రం ఏది, అది ఈ మనిషికి ఎలా వర్తిస్తుంది అని అడుగుతారు. పుస్తకం దగ్గర పెట్టుకోవచ్చు కదా అని చాలామంది తేలికగా తీసుకుంటారు. మూడు గంటల్లో పుస్తకం తిరగేసే తీరిక ఉండదు. నా మొదటి ప్రయత్నంలో పరిపాలనా చట్టం అలాగే పోయింది.

ఎన్‌సీఏ పత్రం వచ్చినంత మాత్రాన లాయరువు కావు. తరువాత లా సొసైటీ ఆఫ్ ఒంటారియోలో లైసెన్సుకు దరఖాస్తు చేయాలి. నేను వచ్చినప్పుడు బారిస్టర్, సొలిసిటర్ అని రెండు పరీక్షలు రాసి, ఆర్టిక్లింగ్ అనే అనుభవ శిక్షణ చేయాల్సి వచ్చింది. నీ వంతు వచ్చిన రోజున వారి సైటులో నియమాలు ఏమున్నాయో చూసి దాన్నే పాటించు, నా పాత మాట పట్టుకోకు. మనవాళ్లు చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కామన్ లా దేశంలో కనీసం పది నెలలు ప్రాక్టీసు చేసినవారు ఆ శిక్షణ నుంచి మినహాయింపు అడగవచ్చు. నువ్వు నాలుగేళ్లు చేశావు. దాన్ని కాగితం మీద చూపించగలిగితే చాలు. ఎలా చూపించాలో బరంపురం బాబాయి గారు నాకన్నా బాగా చెప్పగలరు.

బరంపురం నుంచి

అమ్మా, నేను ఇక్కడి జిల్లా కోర్టులో ముప్పై ఏళ్లకు పైగా ప్లీడరుగా ఉన్నాను. మన మఫసిలు కోర్టుల్లో జూనియర్లకు జరిగే అన్యాయం ఒకటి చెప్పాలి. డ్రాఫ్టు రాసేది జూనియర్, వాయిదా అడిగేది జూనియర్, సాక్షిని విచారించేది కూడా కొన్నిసార్లు జూనియరే. కక్షిదారు తన లాయరుకు అధికారమిచ్చే వకాలతునామా మీద మాత్రం సీనియర్ పేరు ఒక్కటే ఉంటుంది. మా తరం ఇది తప్పని అనుకోలేదు. మీరు దేశం దాటినప్పుడు దాని ఫలితం తెలుస్తోంది. నా జూనియర్లందరి పేర్లూ ఇప్పుడు వకాలతునామాలో రాయిస్తున్నాను.

నీ పేరున్న వకాలతునామాలు ఎన్ని దొరికితే అన్నిటికీ సర్టిఫైడ్ నకళ్లు తీయించు. ఈ-కోర్ట్స్ సైటులో అడ్వకేటు పేరుతోనూ, బార్ రిజిస్ట్రేషన్ నంబరుతోనూ కేసులు వెతకవచ్చు. నీ పేరు ఏయే కేసుల్లో నమోదైందో అక్కడ చూసి జాబితా చేసుకో. నీ సీనియర్ గారిని ఒక ఉత్తరం అడుగు. ‘మంచి పిల్ల, కష్టపడుతుంది’ అని రాస్తే పని జరగదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పనిచేశావు, ఏ రకం కేసులు, ఏ పనులు నీ చేతుల మీదుగా జరిగాయి, ఇవన్నీ ఉండాలి. ఒడియాలో ఉన్న ఉత్తర్వులకు ధ్రువీకరించిన అనువాదం జతచెయ్యి.

ఇంకొకటి. అక్కడ జీతానికి పూర్తికాలపు ఉద్యోగంలో చేరితే కటక్‌కు తెలియజేసి ఇక్కడి ప్రాక్టీసు నిలిపివేయించుకో. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 49వ నియమం అదే చెబుతుంది. చెప్పకుండా ఉంటే తరువాత గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ అడిగిన రోజున చిక్కు.

మన బరంపురంలో పుట్టిన వి.వి. గిరి గారు 1913లో ఓడెక్కి డబ్లిన్ వెళ్లి లా చదివి 1916లో తిరిగి వచ్చారు. వారి తండ్రి జోగయ్య పంతులు గారు కూడా ఇక్కడ ప్లీడరే. ఈ ఊరి కోర్టు నుంచి సముద్రం దాటిన మొదటిదానివి నువ్వు కాదమ్మా. ఇక్కడ ఏ కాగితం కావాలన్నా నాకు రాయి.

బ్రాంప్టన్ నుంచి మళ్లీ

అక్కా, బాబాయి గారూ, మీ ఇద్దరికీ ఎలా కృతజ్ఞత చెప్పుకోవాలో తెలియడం లేదు. ఇంకో రెండు సందేహాలు. ఇక్కడి తెలుగువాళ్లు వీసా కాగితాలు నింపిపెట్టమని, ఎంతో కొంత ఇస్తామని అడుగుతున్నారు. చేయవచ్చా? మా వారికి లండన్ బదిలీ అయ్యే అవకాశం కూడా ఉంది. అప్పుడు ఈ శ్రమంతా వృథానా?

మిస్సిసాగా నుంచి

మొదటిది వద్దు చెల్లీ. గట్టిగా చెబుతున్నాను. లైసెన్సు లేకుండా డబ్బు తీసుకుని ఇమ్మిగ్రేషన్ సలహా ఇవ్వడం ఇక్కడి ఇమ్మిగ్రేషన్ చట్టం 91వ సెక్షన్ కింద నేరం. డబ్బే ఇవ్వనక్కరలేదు, బహుమతి ఇచ్చినా ప్రతిఫలమే. రేపు లా సొసైటీ నీ నడవడిక గురించి అడిగినప్పుడు ఈ చిన్న పని అడ్డం పడుతుంది. మనవాళ్లు అలుగుతారు, అలగనీ. లైసెన్సు ఉన్నవారి దగ్గరికి పంపించు. ఇల్లు గడవడానికి లా క్లర్కుగా చేరు. లాయరు పర్యవేక్షణలో చేసే ఆ పనికి లైసెన్సు అక్కరలేదు, ఇక్కడి ఆఫీసు పద్ధతి కూడా చేతికి వస్తుంది.

లండన్ సంగతి. అక్కడ సొలిసిటర్ కావడానికి 2021 నుంచి ఎస్‌క్యూఈ అనే పరీక్ష పెట్టారు. మొదటి భాగంలో రెండు పేపర్లకు కలిపి 360 ప్రశ్నలు, రెండో భాగంలో రాతపూర్వక, మౌఖిక పనులు. వేరే దేశంలో లాయరైన వారికి అక్కడి రెండేళ్ల పని అనుభవం నియమం వర్తించదు, రెండో భాగం నుంచి మినహాయింపు కూడా అడగవచ్చు. ఎన్‌సీఏలో చదివిన కెనడా సబ్జెక్టులు అక్కడ పనికిరావు. కానీ నువ్వు ఇప్పుడు సరిచేసుకునే పేర్లు, బాబాయి గారు చెప్పిన నకళ్లు, సీనియర్ గారి ఉత్తరం ఇవన్నీ అక్కడా అవసరమే.

ఆదివారం మధ్యాహ్నం నేను ఇంట్లోనే ఉంటాను. పాస్‌పోర్టు, మెట్రిక్ సర్టిఫికెట్, సనదు పక్కన పెట్టుకుని ఫోను చెయ్యి. ముందు ఆ మూడింటిలో నీ పేరు ఒక్కొక్క అక్షరం చదివి చూద్దాం.