చిరిగిన పట్టుచీరతో గోడకు పటం: మేకు కొట్టకుండా, వెయ్యి రూపాయల లోపు సాధ్యమేనా?

ప్రశ్న:

హైదరాబాదులో అద్దె ఇంట్లో ఉంటున్నాము. హాలులో సోఫా వెనుక పది అడుగుల గోడ బోసిగా ఉంది. దుకాణాలలో నాకు నచ్చిన పరిమాణంలో మూడు వేల రూపాయలకు తక్కువ పటం కనిపించలేదు. కనిపించినవి కూడా ఇంటింటా ఉండే ఏడు గుర్రాల బొమ్మలే. మా అమ్మమ్మ గారి ధర్మవరం పట్టుచీర ఒకటి మడతల దగ్గర చీలికలు పడి కట్టుకోవడానికి వీలు లేకుండా పోయింది గాని, దాని కొంగు, అంచు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. పెడనలో కొన్న కలంకారీ గుడ్డ కూడా ఒకటిన్నర మీటరు మిగిలి ఉంది. ఈ రెండింటినీ చెక్క చట్రాలకు బిగించాలని ఉంది. చీరను కత్తిరించడానికి మాత్రం చెయ్యి రావడం లేదు. పైగా కొత్తగా మేకులు కొట్టవద్దని ఇంటి యజమానురాలు ముందే చెప్పారు. చేసి చూసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం:

పాత పట్టును నేరుగా చట్రానికి పిన్ను కొట్టి బిగించవద్దండీ. నేను మొదటిసారి అలాగే చేశాను. రెండు నెలలు తిరగకుండానే ప్రతి పిన్ను దగ్గరా ఒక చీలిక మొదలై, కొంగు మీది నెమళ్ల దాకా పాకింది. పాతబడిన పట్టు పోగు లాగుడును తట్టుకోలేదు. కాబట్టి బరువూ లాగుడూ రెండూ వెనుక గుడ్డ మీద పడేలా చూడాలి. ఉతికి ఆరబెట్టిన తెల్లని నూలు గుడ్డను, పాత పంచె అయినా ఫరవాలేదు, చట్రం కంటే నాలుగు వైపులా రెండున్నర అంగుళాలు ఎక్కువగా తీసుకుని, దాని మీద కొంగును పరచి, సన్నని సూదితో అంచుల వెంబడి, మధ్యలో కూడా అక్కడక్కడా వదులుగా టాకాలు వేయండి. తరువాత ఆ నూలు గుడ్డను మాత్రమే చట్రానికి బిగించండి.

బిగించడానికి ఒక వరుస ఉంది. ముందుగా ఒక వైపు నడిమిన ఒక పిన్ను, దానికి ఎదుటి వైపు నడిమిన ఒకటి, ఆ తరువాత మిగిలిన రెండు వైపులా అలాగే కొట్టి, అక్కడి నుంచి మూలల వైపు జరుగుతూ పోవాలి. మూలల నుంచి మొదలుపెడితే అంచు గీత విల్లులా వంగుతుంది, జరీ అంచు వంగితే గది అవతలి నుంచి కూడా కనిపిస్తుంది. రెండు అడుగుల చట్రానికి రీపరు చెక్కలు టింబరు డిపోలో కోయించుకుంటే, పిన్నులతో కలిపి నాకు 340 రూపాయలైంది.

రెండవ సమాధానం:

పై సలహా బాగుంది గాని, కత్తెర పట్టే ముందు చీరను ఒకసారి కంసాలికి చూపించండి. అసలు జరీ అంటే పట్టు నూలు మీద వెండి తీగ చుట్టి బంగారు పూత పూసినది. అమ్మమ్మల కాలపు చీరలలో అది ఉండే అవకాశం ఎక్కువ. అయితే జరీ అసలుదని తేలినంత మాత్రాన అమ్మేయమని నా ఉద్దేశం కాదు. అసలు కత్తిరించనక్కరలేని దారి కూడా ఉంది: కొంగు ముందుకు వచ్చేలా పరచి, మిగిలిన చీరను చట్రం వెనుకకు మడిచి, పాత నూలు గుడ్డలో చుట్టి వదులుగా కుట్టివేయవచ్చు. చట్రం లోతు కనీసం రెండు అంగుళాలు ఉండాలి. మడతలను ఆరు నెలలకొకసారి మార్చకపోతే అక్కడే మళ్లీ చీలుతుంది.

కలంకారీ గుడ్డను మాత్రం నిశ్చింతగా కత్తిరించండి, అది నూలు కాబట్టి నేరుగా బిగించినా నిలుస్తుంది. పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు, శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు. అచ్చు పనిలో ఒక అచ్చు ఆగి మరొక అచ్చు మొదలయ్యే చోట గీత ఒక్కొక్కసారి వెంట్రుకవాసి తప్పుతుంది. ఆ చోటును పటం మధ్యలోకి వచ్చేలా కత్తిరిస్తే చేతిపని అని తెలుస్తుంది. అంచుకు నెట్టి దాచనక్కరలేదు. ఎండ నేరుగా పడే గోడ మీద పెట్టకండి, సహజ రంగులలో పసుపు ముందుగా వెలిసిపోతుంది. అట్టకు గుడ్డ అతికించేవారు మైదా జిగురు వాడతారు గాని, దానికి వెండిపురుగు పడుతుంది.

మూడవ సమాధానం:

మేకుల సంగతి చెప్తాను. గోడకు అతికించే పట్టీలు నున్నని ఎమల్షను రంగు మీద చక్కగా ఆగుతాయి. సున్నం గోడ మీద, చేతికి పొడి అంటే డిస్టెంపరు మీద మాత్రం ఆగవు. ముందు గోడను తడిగుడ్డతో తుడిచి చూడండి; గుడ్డకు తెలుపు అంటితే పట్టీల ఆలోచన మానుకోండి. పట్టీని ఒక్కసారిగా లాగితే పుట్టీ పెళ్లతో సహా ఊడి వస్తుంది, అప్పుడు మేకు కొట్టి ఉంటేనే నయమనిపిస్తుంది. అద్దె ఇళ్లలో క్యాలెండరు మేకు, గడియారం మేకు ముందు నుంచీ ఉంటాయి కదా, వాటి మధ్య ఒక సన్నని కర్రను తాళ్లతో వేలాడదీసి, చట్రాలను ఆ కర్రకు కట్టండి. పటం అడుగు భాగం సోఫా వీపు నుంచి ఏడెనిమిది అంగుళాల ఎత్తులో ఉంటే కూర్చున్నవారి తల తగలదు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. తడిగుడ్డకు తెలుపు అంటింది, కాబట్టి కర్ర పద్ధతే పాటించాను. చీరను కత్తిరించలేదు, వెనుకకు మడిచి కుట్టాను. మొత్తం 610 రూపాయలైంది. చట్రం కొంచెం ముందుకు వాలుతోంది. కింది మూలలలో బాటిలు మూతలు అతికించి సరిచేయవచ్చునా?

మూడవ సమాధానం ఇచ్చినవారు:

పెట్టవచ్చునండీ, మూతలు పెడితే కింది భాగం కూడా కొంచెం ముందుకు వచ్చి చట్రం నిటారుగా నిలుస్తుంది. అప్పటికీ పై భాగం వాలుతుంటే తాడు కట్టిన కొక్కేలను చట్రం పై అంచుకు దగ్గరగా జరపండి, సరిపోతుంది.