బైట్‌కోడ్ ఇంటర్‌ప్రెటర్‌లో డీబగ్ చెకులు: ఏవి పెట్టాలి, ఎక్కడ పెట్టాలి?

స్టాక్_అంచు:
సీలో రాసిన స్టాక్ వీఎం (బైట్‌కోడ్‌ని నడిపే వర్చువల్ మెషిన్, విలువల్ని స్టాక్‌లో పెట్టి తీస్తుంది). ఆప్‌కోడ్‌లు (ఇన్‌స్ట్రక్షన్ల అంకెలు) 70 దాకా ఉన్నాయి. డిస్పాచ్ (తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ కోడ్‌కి వెళ్లడం) కంప్యూటెడ్ గోటోతో, అంటే లేబుల్ అడ్రస్‌ల టేబుల్ ద్వారా దూకుతూ. జీసీ (వాడని మెమరీని ఏరేది) మామూలు మార్క్ అండ్ స్వీప్, అంటే అందే ఆబ్జెక్ట్‌లకి గుర్తు పెట్టి మిగతావి ఫ్రీ చేసేది. క్రాష్ అయినప్పుడల్లా బ్యాక్‌ట్రేస్‌లో ప్రధాన లూప్ ఫంక్షన్ ఒక్కటే కనిపిస్తుంది. తప్పు ఏ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర మొదలైందో అందులోంచి తేలదు. డీబగ్ బిల్డ్‌లో చెకులు పెట్టాలి, రిలీజ్‌లో వాటి ఖర్చు సున్నా కావాలి. ముందు ఏవి పెడితే ఎక్కువ తప్పులు బయటపడతాయి?

డిస్పాచ్_దారి:
ముందు స్టాక్ లోతు. స్టాక్ పాయింటర్ ఫ్రేమ్ బేస్ కంటే కిందకి పోలేదు, ఫంక్షన్‌కి లెక్కగట్టిన గరిష్ఠం దాటలేదు అన్న రెండు అసర్ట్‌లు (తప్పయితే ప్రోగ్రామ్‌ని ఆపే షరతులు) అందరూ పెడతారు. అవి అవసరమే, కానీ వాటితో దొరికేది తక్కువ. ఎక్కువగా జరిగే తప్పు వేరు: ఒక ఆప్‌కోడ్ ఒక విలువను తీయడం మరిచిపోతుంది, లేదా ఎర్రర్ దారిలో ఒకటి అదనంగా వదిలేస్తుంది. హద్దు దాటదు కాబట్టి ఆ అసర్ట్‌లు మాట్లాడవు. ఎక్కడో దూరంగా ఒక ఆపరేండ్ పక్క స్లాట్‌లోంచి వచ్చినప్పుడు గానీ తేడా కనబడదు.

దానికి మందు స్టాక్ ప్రభావాల పట్టిక. ప్రతి ఆప్‌కోడ్‌కీ ఎన్ని తీస్తుంది, ఎన్ని పెడుతుంది అని రాసుకోండి. ఇన్‌స్ట్రక్షన్ మొదలవకముందు లోతు గుర్తుంచుకోండి, అది పూర్తయ్యాక తేడాను పట్టికతో పోల్చండి. కంప్యూటెడ్ గోటోలో ప్రతి ఆప్‌కోడ్ హ్యాండ్లర్ చివరా డిస్పాచ్ మాక్రోయే ఉంటుంది కదా, చెక్ అక్కడ పెడితే ఒక్కచోట రాసినట్టే.

మూడు చోట్ల జాగ్రత్త.
కాల్: తీసే సంఖ్య ఆపరేండ్‌ మీద ఆధారపడుతుంది, ఆర్గ్యుమెంట్లతో పాటు ఫంక్షన్ విలువ ఒకటి. కొత్త ఫ్రేమ్‌లోకి వెళ్లేటప్పుడు పోల్చకూడదు. రిటర్న్ అయ్యాక కాలర్ ఫ్రేమ్‌లో దాచిన లోతుతో పోల్చాలి.
"అండ్", "ఆర్" కోసం వాడే జంప్‌లు: దూకితే విలువ ఉంటుంది, దూకకపోతే పోతుంది. రెండు ప్రభావాలు రాయాలి.
ఎర్రర్ లేబుల్: అక్కడ ఆప్‌కోడ్ పట్టికతో పని లేదు. ఎక్సెప్షన్ హ్యాండ్లర్ నమోదైనప్పుడు ఉన్న లోతుకి స్టాక్ తగ్గిందా లేదా అన్నదే చూడాలి.

పట్టికను విడిగా చేత్తో రాయకండి. ఒక ఎక్స్-మాక్రో ఫైల్‌లో (ఒకే జాబితాని వేర్వేరు మాక్రోలతో పలుచోట్ల చేర్చుకునేది) పేరు, ఆపరేండ్ బైట్లు, తీసేవి, పెట్టేవి పెట్టి, ఎనమ్, డిస్అసెంబ్లర్, కంపైలర్ గరిష్ఠ స్టాక్ లెక్క, ఈ చెక్, నాలుగూ అందులోంచే పుట్టించండి. నాలుగుచోట్ల నాలుగు కాపీలుంటే కొన్నాళ్లకి చెకే తప్పు చెబుతుంది.

చెత్త_ఏరేవాడు:
మార్క్ అండ్ స్వీప్ అన్నారు కాబట్టి, లోతు చెక్ అయిన వెంటనే జీసీ స్ట్రెస్ మోడ్ పెట్టండి. అంటే ప్రతి అలొకేషన్‌కి ముందూ పూర్తి కలెక్షన్. రూబీలో ఇది జీసీ స్ట్రెస్ పేరుతో భాషలోంచే ఆన్ చేయొచ్చు, లువా సోర్స్‌లో దీనికి కంపైల్ టైమ్ మాక్రో ఉంది.

ఎందుకో ఒక్క ఆప్‌కోడ్ దగ్గర చూడండి. స్ట్రింగ్ కలిపే ఇన్‌స్ట్రక్షన్ రెండు విలువల్ని పాప్ చేసి, కొత్త స్ట్రింగ్‌కి మెమరీ అడిగి, రెండింటినీ అందులోకి కాపీ చేస్తుంది. పాప్ అయిన క్షణం నుంచి ఆ రెండూ స్టాక్‌లో లేవు, సీ లోకల్ వేరియబుల్స్‌లో మాత్రమే ఉన్నాయి. మెమరీ అడిగినప్పుడు కలెక్షన్ నడిస్తే, వాటిని వేరెవరూ పట్టుకోకపోతే, రెండూ ఫ్రీ అయిపోతాయి. మామూలు రన్‌లో సరిగ్గా ఆ క్షణాన త్రెషోల్డ్ (కలెక్షన్ మొదలయ్యే హద్దు) దాటడం అరుదు, అందుకే టెస్టులన్నీ పాసవుతాయి. స్ట్రెస్ మోడ్‌లో మొదటి కలయికకే దొరుకుతుంది. సరిచేయడం తేలిక: పాప్ బదులు పీక్ చేసి (తీయకుండా చూసి), ఫలితం తయారయ్యాకే స్టాక్ తగ్గించాలి.

దీంతో పాటు ఫ్రీ చేసిన మెమరీని ఒక గుర్తు బైట్‌తో నింపాలి. లేకపోతే చచ్చిన ఆబ్జెక్ట్‌లో పాత విలువలే ఉండి అంతా బాగున్నట్టు నడుస్తుంది. సీపైథాన్ (పైథాన్ భాషకి సీలో రాసిన ప్రధాన ఇంటర్‌ప్రెటర్) డీబగ్ అలొకేటర్ ఫ్రీ అయినదాన్ని హెక్స్ డీడీతోనూ, కొత్తగా ఇచ్చినదాన్ని హెక్స్ సీడీతోనూ, రెండు అంచుల్నీ హెక్స్ ఎఫ్‌డీతోనూ నింపుతుంది. డీబగ్గర్‌లో వరసగా డీడీలు కనిపిస్తే ఇక ఊహించే పని లేదు. మీది సొంత ఫ్రీ లిస్ట్ (ఖాళీ బ్లాకుల జాబితా) అయితే అడ్రస్ శానిటైజర్‌కి (మెమరీ తప్పుల్ని పట్టే కంపైలర్ సాధనం) దాని లోపల ఏం జరుగుతోందో తెలియదు. ఆబ్జెక్ట్ వెనక్కి వచ్చినప్పుడు పాయిజన్ మాక్రోతో మీరే చెప్పాలి, మళ్లీ ఇచ్చేటప్పుడు అన్‌పాయిజన్ చేయాలి.

ఇంకొకటి, చాలామంది వదిలేసేది. స్టాక్ పాయింటర్‌ని లూప్ లోకల్‌గా ఉంచుకుంటే, అలొకేట్ చేసే ఏ కాల్‌కైనా ముందు దాన్ని ఫ్రేమ్‌లోకి రాయాలి. రాయకపోతే జీసీ పాత హద్దు దాకానే మార్క్ చేస్తుంది. డీబగ్‌లో చేయాల్సింది ఇది: లోకల్‌లోకి తెచ్చుకోగానే ఫ్రేమ్‌లోని కాపీని చెల్లని విలువతో చెరిపేయండి, జీసీ ఫ్రేమ్‌ని చూసేటప్పుడు ఆ విలువ కనబడితే అక్కడికక్కడే అబార్ట్ చేయండి. సీపైథాన్ 3.11లో ఇంటర్‌ప్రెటర్ లూప్ స్టాక్ పాయింటర్‌ని లోకల్‌లోకి తీసుకున్నాక ఫ్రేమ్‌లో మైనస్ 1 పెడుతుంది, ఇలాంటి పద్ధతే.

నిలువు_గీత:
కొన్ని చెకుల్ని రన్‌టైమ్‌లో పెట్టడమే దండగ. కాన్‌స్టంట్ ఇండెక్స్ పట్టికలో ఉందా, లోకల్ స్లాట్ నంబర్ సరైనదా, జంప్ చేరే చోటు ఇన్‌స్ట్రక్షన్ మొదలా లేక ఆపరేండ్ మధ్యలోనా, ఇవి ఫంక్షన్ కంపైల్ అవగానే వెరిఫయర్‌తో (కోడ్‌ని నడపకుండానే పరీక్షించేది) ఒక్కసారి చూస్తే చాలు.

చేసే తీరు: మొదట కోడ్‌ని వరసగా చదివి ఇన్‌స్ట్రక్షన్ మొదళ్లకి ఒక బిట్‌మ్యాప్ తయారుచేయండి. తర్వాత వర్క్‌లిస్ట్‌లో (ఇంకా చూడాల్సిన చోట్ల జాబితా) ఆఫ్‌సెట్ సున్నా, లోతు సున్నా వేసి, పైన చెప్పిన పట్టికతో లోతు లెక్కగడుతూ పోండి. ఒక ఆఫ్‌సెట్‌కి రెండు దారుల్లో చేరితే లోతు రెండింట్లో ఒకటే కావాలి. కాకపోతే ఆ ఆఫ్‌సెట్, రెండు లోతులూ, రెండు దారుల చివరి ఇన్‌స్ట్రక్షన్లూ ప్రింట్ చేసి ఆపేయండి. లూప్‌లోంచి బ్రేక్ చేసినప్పుడు స్కోప్ లోకల్స్ తీసేయని కంపైలర్ బగ్ ఇక్కడే, ప్రోగ్రామ్ ఒక్క అడుగు నడవకముందే పట్టుబడుతుంది. కోడ్ చివర దాటి బయటికి పడిపోయే దారి కూడా ఇందులోనే తేలుతుంది.

ఇది బయటి బైట్‌కోడ్ నుంచి రక్షణ అనుకోవద్దు, మీ కంపైలర్ మీద చెక్ మాత్రమే. లువా 5.2లో వెరిఫయర్‌నే తీసేశారు. దురుద్దేశంతో తయారుచేసిన బైనరీ చంక్ (ముందే కంపైల్ అయిన కోడ్) ఇంటర్‌ప్రెటర్‌ని క్రాష్ చేయగలదని లువా మాన్యువల్‌లోనే ఉంది.

స్టాక్_అంచు:
వెరిఫయర్, పట్టిక రెండూ అర్థమయ్యాయి. ట్రేస్ సంగతేంటి? ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌నీ ప్రింట్ చేస్తే అవుట్‌పుట్ గిగాబైట్లలోకి పోతోంది, టైమింగ్ మారి బగ్ మాయమవుతోంది.

డిస్పాచ్_దారి:
ప్రింట్ చేయకండి, రింగ్ బఫర్‌లో రాయండి. 256 ఎంట్రీలు చాలు. ఒక్కోదాంట్లో ఫంక్షన్ పాయింటర్, ఆఫ్‌సెట్, ఆప్‌కోడ్, లోతు. ఇండెక్స్‌ని 255తో మాస్క్ చేస్తే సరి. అసర్ట్ ఫెయిలైనప్పుడూ, సిగ్నల్ హ్యాండ్లర్‌లోనూ దాన్ని డంప్ చేయండి. సిగ్నల్ హ్యాండ్లర్‌లో ప్రింట్‌ఎఫ్ వాడొద్దు, ముడి అంకెల్ని రైట్ సిస్టమ్ కాల్‌తో వదిలి బయట డీకోడ్ చేసుకోండి. ఆప్‌కోడ్‌ని ఎగ్జిక్యూట్ చేయకముందే రాయాలి, లేకపోతే క్రాష్ చేసిన ఇన్‌స్ట్రక్షనే జాబితాలో ఉండదు.

64 బిట్ ఇన్‌స్ట్రక్షన్ కౌంటర్ ఒకటి పక్కన ఉంచండి. ప్రోగ్రామ్ ప్రతిసారీ ఒకేలా నడిచేదైతే, కౌంటర్ ఫలానా అంకెకి చేరినప్పుడు బ్రేక్‌పాయింట్ పడేలా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టి, చెడిన చోటుని సగం సగం చేసుకుంటూ పట్టుకోవచ్చు. హాష్ సీడ్‌ని (హాష్ లెక్కలో కలిపే యాదృచ్ఛిక అంకె) మాత్రం స్థిరం చేయాలి.

రన్‌టైమ్‌లో ఆన్, ఆఫ్ కావాలంటే రెండో జంప్ టేబుల్ పెట్టండి. అందులో అన్ని ఎంట్రీలూ ఒకే డీబగ్ లేబుల్‌కి చూపిస్తాయి, అది చెకులు చేసి అసలు టేబుల్ ద్వారా దూకుతుంది. సీపైథాన్ 3.11లో ట్రేసింగ్‌కి ఇలాంటి కిటుకే వాడారు: ఆప్‌కోడ్‌ని 0తో గానీ 255తో గానీ ఆర్ చేస్తే, ఆన్‌లో ఉన్నప్పుడు అన్నీ 255 దగ్గరికే వెళ్తాయి. కానీ ఇవి రెండూ రిలీజ్ దారిలో ఒక లోడ్‌నో, ఒక ఆర్‌నో మిగులుస్తాయి. సున్నా ఖర్చే కావాలంటే కంపైల్ టైమ్ మాక్రో తప్ప దారి లేదు.

బిట్_లెక్క:
అసర్ట్‌ల గురించి ఒక మాట. అసర్ట్ లోపల పాప్ మాక్రో పెట్టొద్దు, ఎన్‌డీబగ్ డిఫైన్ అయితే ఆ పాప్ కూడా పోతుంది. రిలీజ్‌లో అసర్ట్‌ని పూర్తిగా ఖాళీ చేయకుండా, షరతుని సైజాఫ్ లోపల పెట్టండి. కంపైలర్ దాని టైపులు చూస్తుంది, నడపదు. ఫీల్డ్ పేరు మారినప్పుడు పాత చెకులు రిలీజ్ బిల్డ్‌లోనూ కంపైల్ ఎర్రర్ ఇస్తాయి.

డీఫాల్ట్ లేబుల్ రిలీజ్‌లో అన్‌రీచబుల్ అయినా, డీబగ్‌లో ఆప్‌కోడ్ అంకె చెప్పి అబార్ట్ చేయాలి. కంప్యూటెడ్ గోటో టేబుల్‌లో 70 తర్వాతి ఖాళీలన్నీ కూడా ఆ లేబుల్‌కే పెట్టి 256 నింపండి. లేకపోతే చెడిన బైట్ టేబుల్ బయటి అడ్రస్‌కి దూకుతుంది, అక్కడ బ్యాక్‌ట్రేస్ కూడా రాదు.

చెత్త_ఏరేవాడు:
స్ట్రెస్ మోడ్‌ని ప్రతి కమిట్‌కీ నడపాలనుకుంటే కుదరదు. ఖర్చు అలొకేషన్ల సంఖ్య, బతికున్న హీప్ సైజు రెండింటి గుణకారం. చిన్న టెస్టులకి ప్రతి అలొకేషన్‌కీ, పెద్దవాటికి ప్రతి 100వ దానికీ పెట్టి, ఆ మొదలయ్యే అంకెను రన్‌కొకసారి మార్చండి. స్టాక్ పెరిగినప్పుడు రీఅలొక్ అయితే దానికీ ఇలాంటి మోడ్ కావాలి: ప్రతి కాల్‌కీ బ్లాక్‌ని బలవంతంగా కొత్త చోటికి మార్చి, పాతదాన్ని పాయిజన్ చేయాలి. పాత స్లాట్ పాయింటర్‌ని పట్టుకు కూర్చున్న నేటివ్ ఫంక్షన్లన్నీ (సీలో రాసినవి) వరసగా బయటపడతాయి.

నిలువు_గీత:
నేటివ్ ఫంక్షన్లంటే గుర్తొచ్చింది. వాటి నుంచి వెనక్కి రాగానే రెండు షరతులు చూడాలి: ఫలితం ఖాళీ అయితే ఎక్సెప్షన్ సెట్ అయి ఉండాలి, ఫలితం ఉంటే ఎక్సెప్షన్ ఉండకూడదు. రెండోది చూడకపోతే ఆ ఎక్సెప్షన్ నిశ్శబ్దంగా నిలిచిపోయి, సంబంధం లేని వేరే లైన్ దగ్గర లేస్తుంది. సీపైథాన్ ఈ చెక్‌ని రిలీజ్ బిల్డ్‌లో కూడా ఉంచి సిస్టమ్ ఎర్రర్ ఇస్తుంది. మీరూ దీన్ని రిలీజ్‌లో వదిలేయండి, కాల్ ఖర్చు ముందు రెండు పోలికలు లెక్కలోకి రావు. సందేశంలో ఆ నేటివ్ ఫంక్షన్ పేరు తప్పక ఉండాలి.

స్టాక్_అంచు:
సరేనండి. ముందు ఎక్స్-మాక్రో పట్టిక, వెరిఫయర్, తర్వాత లోతు చెక్, రింగ్ బఫర్, ఆపైన స్ట్రెస్. నంబర్ జోడింపు ఆప్‌కోడ్ రన్‌టైమ్‌లో తనని తానే ప్రత్యేక ఆప్‌కోడ్‌గా మార్చి రాసుకుంటుంది. వెరిఫయర్ దానికి ముందు నడవాలా, తర్వాతా?

నిలువు_గీత:
ముందే, మార్పు జరగని కోడ్ మీద. డీబగ్‌లో అసలు కోడ్ కాపీ ఒకటి దాచి, మార్చి రాసే చోట మూడు చూడండి: కొత్త ఆప్‌కోడ్ పొడవు పాతదానితో సమానమా, స్టాక్ ప్రభావం అదేనా, వెనక్కి మార్చినప్పుడు వచ్చే బైట్ దాచిన కాపీలో ఉన్నదేనా. జోడింపులో ఎక్కువగా తప్పేది గార్డ్ (రెండూ నంబర్లేనా అన్న చెక్) ఫెయిలైన దారి. అక్కడ రెండు ఆపరేండ్‌లూ స్టాక్‌లోనే ఉండగా మామూలు ఆప్‌కోడ్‌కి వెళ్లాలి, ఒకటి పాప్ చేశాక కాదు.